జరిపితే పోయే పేరు

పండు మిరపకాయల తొడిమలు తీసిన చేతులతో కీబోర్డు ముందు కూర్చోకూడదు. ఎంత సబ్బు రాసినా మంట రెండు రోజులదాకా వదలదు. అయినా కూర్చున్నాను. ఆదివారమంతా పది కిలోల కాయలు కడిగి, తుడిచి, తొడిమలు తీసి, ఉప్పూ చింతపండూ వేసి దంచి జాడీలకెత్తాను. సోమవారం పొద్దున మా ఆయన రఘురామ్ నాలుగు సీసాలు నింపుకుని, తను పాఠాలు చెప్పే కాలేజీకి బయల్దేరుతూ ఫోన్లో ఎవరితోనో "మా అమ్మ చేతి పచ్చడండీ, తిని చెప్పండి" అన్నాడు. మా అత్తగారు బాలసరస్వతి గారు అక్కడే కూర్చుని ఉన్నారు. కాదనలేదు. నాకు ఒళ్లు మండింది. సొమ్మొకడిది సోకొకడిది అనుకుని, పన్నెండేళ్లుగా ఊరుకున్నట్టే ఊరుకుని గుంటూరులో బస్సెక్కాను.

మంగళగిరిలో చీరల కొట్టు పైన, రెండో అంతస్తులో మా సాఫ్ట్‌వేర్ ఆఫీసు. అప్పటికి, అంటే 2007లో, యజమాని కాక పదకొండు మందిమి. ప్రోగ్రాములు రాసేవాళ్లు పదిమంది. వాటిని ఎలా వాడాలో మాన్యువల్ రాసేదాన్ని నేనొక్కదాన్నే. "రాయడమేగా, దానికింత హడావుడెందుకు?" అంటాడు రఘురామ్. చెయ్యకుండా రాయలేమని ఆయనకు తెలియదు. ప్రతి మెట్టూ నేను చేసి చూసుకున్నాకే కాగితం మీద పెడతాను.

ఆ వారం మాన్యువల్ ఒక పత్తి విత్తనాల కంపెనీ కోసం. వాళ్ల పనులన్నీ మా ప్రోగ్రాములో ఉంటాయి. పెద్ద ప్రాజెక్టు కింద జోన్లు, జోన్ కింద ఊళ్లు, ఊరి కింద చేలు, చేను కింద పనులు, ప్రతి పని పక్కనా అది చూసుకునేవాళ్ల పేరు. ఒకదాని కింద ఉన్నదాన్ని పిల్లాపాపలతో సహా లాగి ఇంకోదాని కింద పెట్టే టూల్ ఒకటి కొత్తగా తయారైంది. బుధవారం నాడు నేను రెబ్కా అనే సూపర్‌వైజర్ ఆరు ఊళ్ల పనినీ సత్తెనపల్లి జోన్ కిందికి జరిపాను. అన్నీ చక్కగా వెళ్లి కూర్చున్నాయి. రెబ్కా పేరున్న చోటల్లా జోన్ ఆఫీసర్ యలమందయ్య గారి పేరు వచ్చింది. మళ్లీ చేశాను. మళ్లీ అంతే.

టూల్ తయారుచేసిన చైతన్యకృష్ణని పిలిచి చూపించాను.

"బగ్ కాదు మేడమ్, డిజైనే అది. పెద్దది ఎవరిదైతే కిందవన్నీ వాళ్లవే కదా. మన ఇళ్లల్లో లేదూ?" అన్నాడు.

మంచివాడే. అందుకే కోపం ఇంకా ఎక్కువైంది.

కంపెనీవాళ్లిచ్చిన నంబరు చూసి రెబ్కాకి ఫోన్ చేసి, పేరు మారితే ఏమవుతుందని అడిగాను. "ఈ నెలాఖరుకి లిస్టు తీస్తున్నారండీ" అంది. "ఎవరి పేరున ఎన్ని చేలుంటే దాన్నిబట్టి పర్మినెంటు చేస్తారంట. సాయంత్రం మొగ్గలు విప్పించి, పొద్దున్నే పువ్వు పువ్వుకీ పుప్పొడి అద్దించి క్రాసింగ్ చేయించింది నేనండీ. ఆరు ఊళ్ల ఆడకూలీల్ని కూడేసుకుని తిరిగింది నేను. అక్కడ నా పేరు లేకపోతే నేను చెయ్యలేదనేగా మేడమ్?"

ఫోన్ పెట్టేసి ఇంకోసారి జరిపి చూశాను. మామగారు మంచం పట్టిన ఎనిమిది నెలలూ ఆయన పక్కబట్టలు ఉతికింది నేను. "రఘురామ్ తండ్రిని ఎంత బాగా చూసుకున్నాడో" అన్నారు బంధువులంతా, మా ఆయన తల వంచుకుని వినయంగా విన్నాడు. రోజూ నేను కూర్చోబెట్టి చెప్పిన లెక్కల్లో మా పిల్లకి నూరు వస్తే "మా వాళ్ల తెలివి" అన్నారు అత్తగారు. ఎవరూ నా చేతిలోంచి లాక్కోలేదు. ఇల్లనే పెద్దదాని కిందికి వచ్చిందేదైనా దానంతటదే అలా మారిపోతుందని, అది లోకరీతి అని నేనూ నమ్మాను. ఇప్పుడు కళ్లముందు, అర సెకనులో, అదే జరిగింది. దానంతటది కాదు. అలా జరగాలని ఒకరు కూర్చుని రాశారు. రాసినదాన్ని తిరగరాయొచ్చు. ఎందుకో చాలా తేలిగ్గా అనిపించింది నాకు.

మాన్యువల్ మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో పెట్టాను. 'జరిపే ముందు, పని చేసినవాళ్ల పేర్లు వేరే కాగితం మీద రాసుకోండి. ఈ టూల్ వాటిని చెరిపేస్తుంది.'

శుక్రవారం మధ్యాహ్నం మా యజమాని రామచంద్రమూర్తి గారు అది చదివి నన్ను పిలిచారు. "ఏమ్మా, మన సరుకుని మనమే తిట్టుకుంటామా? తీసెయ్."

"చెరపడం మానేస్తే తీసేస్తానండీ. ఉన్నదున్నట్టు రాయడమేగా నా ఉద్యోగం."

సాయంత్రానికి సరుకు వెళ్లాలి. మాన్యువల్ లేకుండా కంపెనీవాళ్లు తీసుకోరు. ఆయన నన్నూ గడియారాన్నీ మార్చి మార్చి చూసి చైతన్యని కేకేశారు. డిజైన్ అన్నది రెండు గంటల్లో మారిపోయింది. ఆరు ఊళ్లనీ మళ్లీ జరిపి చూశాను. ప్రతి పని పక్కనా రెబ్కా పేరు అలాగే ఉంది. అప్పుడు ఆ హెచ్చరిక తీసేశాను.

అయిదింటికి కంపెనీవాళ్లకీ మా అందరికీ యజమాని దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. 'చివరి నిమిషంలో లోపాన్ని కనిపెట్టి సరిచేసిన చైతన్యకృష్ణకు అభినందనలు.'

అలవాటు ప్రకారం నవ్వుకుని బస్సుకి పరిగెత్తాలి. సంచీ సర్దుకున్నాను కూడా. మళ్లీ కూర్చుని, అందరికీ వెళ్లేలా జవాబు రాశాను. 'లోపాన్ని కనిపెట్టింది నేను. దానివల్ల ఎవరికి ఏం నష్టమో చెప్పింది సత్తెనపల్లి రెబ్కా గారు. సరిచేసింది చైతన్యకృష్ణ. ఇట్లు, మహతి.' ఒకసారి చదువుకుని పంపేశాను.

రెండు నిమిషాల్లో ఆయన గదిలోంచి బయటికి వచ్చారు. "ఏంటమ్మా మహతీ ఇది? ఇంత చిన్న విషయం అందరికీ పెట్టాలా? మనమంతా ఒక కుటుంబం కాదూ?"

"అందుకేనండీ పెట్టింది" అన్నాను.