కనీసం ఎన్ని బస్సులు

ఆవిడ వృత్తి సలహా చెప్పడం. విన్నా ఫీజు వస్తుంది, వినకపోయినా వస్తుంది. అందుకే నిద్రకు ఏనాడూ లోటు రాలేదు. ఈసారి సలహా అడిగింది ప్రాంతీయ రవాణా సంస్థ. ఇప్పటిదాకా ప్రైవేటు బస్సులు ఎవరికి తోచిన దారిలో వాళ్లు తిప్పుకున్నారు. ఇకపై దారులూ వేళలూ టిక్కెట్టు ధరలూ సంస్థే నిర్ణయిస్తుంది; టెండరు గెలిచినవాళ్లు కిలోమీటరుకు ఇంతని తీసుకుని బస్సులు నడపాలి. గెలవనివాళ్లు షెడ్డుకు తాళం వేసుకోవడమే.

టెండరు వేయాలంటే కనీసం ఎన్ని బస్సులుండాలన్నది తేలితే పని పూర్తవుతుంది. ఆమె తమ్ముడికి నాలుగున్నాయి. ఆ సంగతి ఆమె దాచలేదు, మొదటి రోజే ఛైర్మన్‌కి రాసిచ్చింది. ఆయన చదివి, "పర్లేదమ్మా, మీ మీద నమ్మకం ఉంది" అన్నాడు.

ఎటునుంచి లెక్క వేసినా నాలుగే సబబుగా తేలింది. దారుల్ని చిన్న వాటాలుగా పంచితే, ఒకడు చేతులెత్తేసినా మిగతావాళ్లు నెట్టుకొస్తారు. అంతా ఒకే పెద్ద కంపెనీ చేతిలో పెడితే, అది అలిగిన రోజు ఊరు ఊరంతా కాలినడకే. నివేదికలో అలాగే రాసింది.

మధ్యాహ్నం కాఫీ మిషను దగ్గర ఇద్దరు గుమస్తాలు మాట్లాడుకుంటుంటే ఆమె చెవిన పడింది.

"మేడంగారు కనీసం ఎన్నంటారో?"

"వాళ్ల తమ్ముడికి ఎన్నుంటే అన్ని."

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటుంది లోకం. ఆ ఇద్దరూ సాయంత్రానికల్లా ఆ మాట మరిచిపోయే ఉంటారు. ఆమెకు మాత్రం ఒళ్లు మండింది, ఆ వెనకే భయం వేసింది. గదిలోకెళ్లి నాలుగు కొట్టేసి ఇరవై రాసింది. ఇరవైకి కారణాలు కావాలి కదా, అవీ రాసింది. సలహాదారుకు కారణాలు కరువా!

బోర్డు సమావేశం టీ చల్లారేలోపే ముగిసింది. ఇరవై ఖాయమైంది. గుమ్మం దగ్గర ఛైర్మన్ ఆమెను ఆపాడు.

"నిజం చెప్పాలంటే నా మనసులో చిన్న వాటాలే ఉన్నాయమ్మా. కానీ సొంత తమ్ముడు దెబ్బతింటాడని తెలిసీ మీరు ఇరవై అన్నారంటే, తిరుగులేని కారణం ఉండే ఉంటుందనుకున్నాం. అందుకే ఎవరూ మారు మాట్లాడలేదు."

ఆమె నోరు తెరిచింది. సభ్యులింకా కుర్చీల్లోంచి లేవలేదు. ఇప్పుడు చెప్పినా వింటారు. "థాంక్సండీ" అని మెట్లు దిగింది.

కిందికి చేరగానే తమ్ముడు ఫోన్ చేశాడు.

"ఎన్నన్నారక్కా?"

"ఇరవై."

అవతల వాడు బస్సు ఇంజను ఆపేశాడు.

"నువ్వు చెప్పినా వినలేదా?"

ఆమె గోడకు ఆనుకుంది. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి.

"వినలేదురా."

"పోనీలే," అన్నాడు వాడు. "నా కోసం అంతమందిలో నోరు విప్పావు. అది చాలక్కా."