షాపింగ్ అని చెప్పు

"బోర్డర్‌లో అడిగితే షాపింగ్ అని చెప్పు. రైటింగూ గీటింగూ అనకు," అన్నాడు సత్యానందం, లంచ్‌బాక్స్ మూత సరిగ్గా పడిందో లేదో నొక్కి చూసుకుంటూ.

ప్రతి గురువారం పొద్దున చెప్పే మాటే. పప్పులో ఉప్పెక్కువైందని చెప్పడం మరిచిపోయిన రోజులున్నాయి గానీ, ఈ మాట మరిచిపోయిన గురువారం లేదు. విమల తలూపింది. ఎవాన్ జాకెట్ జిప్పు లాగింది, ఎలీనా జుట్టుకి క్లిప్పు పెట్టింది, కుక్కర్ గిన్నె నానబెట్టింది. పిల్లల్ని స్కూల్లో దింపేసి, నోవై నుంచి నలభై నిమిషాలు డ్రైవ్ చేస్తే వంతెన వస్తుంది. వంతెనకి ఇవతల డెట్రాయిట్, అవతల కెనడా. అవతలి ఊరు విండ్సర్. అక్కడి పబ్లిక్ లైబ్రరీ రెండో అంతస్తులో, కిటికీ పక్క బల్ల దగ్గర ఆమె వారానికి మూడు గంటలు రచయిత్రి. మిగతా వారమంతా సత్యానందం గారి భార్య.

అలాగని ఆమె ఏదో సరదాకి కలం పట్టిన మనిషి కాదు. పుట్టింది గుంటూరులోనే అయినా ఆరో ఏటినుంచీ విండ్సర్‌లో పెరిగింది. వాళ్ళమ్మ నర్సు. చదువు కాగానే విమల టొరంటో వెళ్ళి, టీవీ సీరియల్ రాసేవాళ్ళ గదిలో నోట్స్ రాసుకునే ఉద్యోగంలో చేరింది. మూడేళ్ళకి అదే బల్ల దగ్గర ఆమెకీ ఒక కుర్చీ వేశారు. ఆరుగురు కూర్చుని, గోడ మీద కార్డులు అంటించి, అసలు లోకంలో లేనే లేని ఒక మనిషి తలుపు తీస్తుందా తీయదా అని పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పోట్లాడుకునేవారు. ఎవరికీ విసుగు రాలేదు. నాలుగు ఎపిసోడ్ల మీద 'రిటెన్ బై విమలా కుమారి' అని పడింది. అప్పటికామెకి ఇరవై తొమ్మిదేళ్ళు.

2002లో పెళ్ళయింది. సంబంధం చర్చి ద్వారా వచ్చింది. సత్యానందం తాగడు, అరవడు, ఆదివారం తప్పకుండా ఆరాధనకి వస్తాడు. ఫలానా తప్పని పట్టి చూపించడానికి వీల్లేని మనిషి. ఆమెకి అదే పెద్ద ఇబ్బంది. "రాసుకోడానికేముందండీ, ఎక్కడున్నా రాసుకోవచ్చు," అన్నాడు పెళ్ళిమాటలప్పుడు. ఎంత విశాల హృదయమో అనుకుంది. నోవై వచ్చాక తెలిసింది, అతను కార్ల కంపెనీలో హెచ్-వన్ వీసా మీదున్నాడు కాబట్టి భార్యగా తను హెచ్-ఫోర్ అని, హెచ్-ఫోర్ మీదున్నవాళ్ళు వర్క్ చేయకూడదని. చర్చిలో అరవైమందికి బిర్యానీ వండొచ్చు. అత్తగారు ఆర్నెల్లుండి వెళ్తే ఆర్నెల్లూ మూడు పూటలా చేసిపెట్టొచ్చు. అదంతా ఏ లెక్కన చూసినా వర్క్ కిందికి రాదు.

ఆ మధ్య ఒకసారి కెనడా ఛానెల్లో మధ్యాహ్నం పూట ఆమె పాత ఎపిసోడ్ మళ్ళీ వేశారు. విండ్సర్ నుంచి వచ్చే ఆ ఛానెల్ నోవైలో యాంటెన్నా పెడితే అందుతుంది. శనివారం కాబట్టి అందరూ ఇంట్లోనే ఉన్నారు. విమల ఎవరికీ చెప్పలేదు. పేరు పడేటప్పుడు పిల్లలే చూసి "మమ్మీ, అది నువ్వా?" అనాలని కోరిక. గుడ్డతో బల్ల తుడుస్తూ, తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తూ నిలబడింది. సరిగ్గా ఆ క్షణానికి సత్యానందం టీవీ ముందుకొచ్చి నిలబడి, నెయిల్ కట్టర్ ఎక్కడ పెట్టావన్నాడు. అతను పక్కకి తప్పుకునేసరికి కాఫీ ప్రకటన వస్తోంది. రెండో డ్రాయర్లో ఉందని చెప్పింది. ఆ రోజు స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చింది. నెయిల్ కట్టర్ కోసం ఏడ్చిందని ఎవరికి చెబితే మాత్రం నమ్ముతారు?

రాయడం పూర్తిగా ఆగిందీ లేదు. ఫార్మింగ్టన్ హిల్స్ తెలుగు చర్చిలో ప్రతి క్రిస్మస్‌కీ నాటిక ఆమే రాస్తుంది. తొమ్మిదేళ్ళలో తొమ్మిది నాటికలు. హేరోదు రాజు వేషం వేసే సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకి డైలాగు నోరు తిరగకపోతే అప్పటికప్పుడు మార్చి ఇస్తుంది. నాటిక అయ్యాక పాస్టరుగారు మైకులో కృతజ్ఞతలు చెబుతారు. దేవదూతలకి రెక్కలు కుట్టిన సహోదరి పేరు, సౌండ్ చూసిన సహోదరుడి పేరు, సమోసాలు తెచ్చినవాళ్ళ పేర్లు వస్తాయి. నాటిక దగ్గరికొచ్చేసరికి "సత్యానందం గారి కుటుంబం" అంటారు. సత్యానందం లేచి నిలబడి చేతులు జోడిస్తాడు. ఒకసారి కార్లో వస్తూ, నా పేరు చెప్పొచ్చుగా అంది. దేవుని పనిలో పేరు కోరుకోవడం ఏమిటి విమలా అన్నాడతను, నిజంగానే ఆశ్చర్యపోతూ. సమోసాల వాళ్ళ పేరు చెప్పారుగా అందామనుకుంది. వెనక సీట్లో పిల్లలు నిద్రపోతున్నారని ఊరుకుంది.

ఎలీనా ప్రీస్కూల్లో చేరిన ఏడాది ఆమెకి వంతెన గుర్తొచ్చింది. ఇక్కడ కూర్చుని రాస్తే వీసాకి చిక్కనే కదా అతని భయం, అయితే తన సొంత దేశం కెనడా వెళ్ళి రాసుకుంటానంది. గ్రీన్ కార్డ్ మధ్యలో ఉందని, అనవసరంగా ఆఫీసర్ల దృష్టిలో పడొద్దని అతను గునిశాడు. చివరికి షాపింగ్ అని చెప్పే షరతు మీద ఒప్పుకున్నాడు.

అబద్ధమాడటం చేతకానివాళ్ళు దానికి సాక్ష్యాలు కూడా తయారుచేసుకుంటారు. షాపింగ్‌కని వెళ్ళి ఉత్త చేతులతో వస్తే అనుమానిస్తారని విమల తిరుగు దారిలో ఏదో ఒకటి కొనేది. అమెరికాలో దొరకని కెచప్ చిప్స్, మేపుల్ బిస్కెట్లు, ప్లాస్టిక్ సంచుల్లో అమ్మే పాలు. రెండేళ్ళలో వంటింటి అల్మారా ఒక అర మొత్తం మేపుల్ బిస్కెట్లతో నిండిపోయింది. వచ్చినవాళ్ళందరికీ అవే పెట్టేది. విమల ఆంటీ ఇంటికెళ్తే మేపుల్ బిస్కెట్లు అని పిల్లలు పాట కట్టారు. ఆ రెండేళ్ళలోనే వాళ్ళమ్మ మీద ఆమె రాస్తున్న కథ కూడా పూర్తయింది.

అమ్మది విండ్సర్‌లో ఇల్లు, డెట్రాయిట్ ఆసుపత్రిలో ఉద్యోగం. ఇరవై రెండేళ్ళు రోజూ ఆ వంతెన దాటింది. గుంటూరు ఆసుపత్రి నుంచి వచ్చిన ఒంటరి మనిషి, మంచులో కారు నడపడం నేర్చుకుని, తెల్ల బూట్లు వేసుకుని, రోజూ పరాయి దేశం వెళ్ళి వచ్చింది. అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఆ నర్సు మీద విమల ఒక సీరియల్ మొదటి ఎపిసోడ్ రాసి రాజ్‌కి పంపింది. రాజ్ ఒకప్పుడు టొరంటోలో ఆమె వదిలిన కుర్చీలో నోట్స్ రాసుకున్న కుర్రాడు. ఇప్పుడు నిర్మాత.

ఆ అక్టోబరు సోమవారం, ఆమె పాలకూర తరుగుతుంటే రాజ్ ఫోన్ చేశాడు. సీరియల్ ఓకే అయిందన్నాడు. షూటింగ్ విండ్సర్‌లోనే, రాసే గది కూడా అక్కడే. జనవరి నుంచి పది వారాలు, సోమవారం నుంచి గురువారం దాకా. ఐదుగురు రైటర్లు, బల్ల చివర కుర్చీ ఆమెది. గురువారం వచ్చి అగ్రిమెంట్ మీద సంతకం పెట్టమన్నాడు. ఫోన్ పెట్టేశాక విమల పాలకూర తరగడం అయితే పూర్తిచేసింది. కాడలు కూరలో వేసి, ఆకులు చెత్తబుట్టలో వేసింది.

సత్యానందం భోంచేసి, చేయి కడుక్కుని, నిదానంగా విన్నాడు. కంగ్రాట్స్ అని కూడా అన్నాడు. తర్వాత పిల్లల సంగతేమిటన్నాడు. మూడింటికి స్కూలు వదిలేస్తే ఎవరు తెస్తారన్నాడు. ఆఫీసులో తనకి ఎంత ప్రెజరో చెప్పాడు. చివర్లో, అన్నిటికీ పరిష్కారం దొరికినవాడిలా ముఖం వికసించింది.

"ఒక పని చెయ్. ఇంట్లోనే రాసి ఈమెయిల్ చేసెయ్. డబ్బులొద్దను, పేరు కూడా వేయొద్దను. అప్పుడది వర్క్ కాదు, వీసా గొడవా ఉండదు. చర్చికి రాయట్లేదా, అలాగే."

ఆ మాటలో కోపం లేదు, ఎగతాళి లేదు. భార్యకి మేలు చేస్తున్నాననే అనుకున్నాడు. విమల అతను తిన్న కంచం తీసింది. తొమ్మిదేళ్ళుగా ఈ మనిషికి తను రాస్తుందని తెలుసు, కానీ ఆ రాసేది తనేనని తెలియదు. గిన్నెలు తోముకుంటాయి, బట్టలు మడతపడతాయి, నాటికలు రాసుకుంటాయి. ఈ ఇంట్లో పనులు వాటంతట అవే జరిగిపోతాయని అతని నమ్మకం.

అయినా, ఒప్పుకోవాలి, ఆమె ఊగింది. మంగళవారం రాజ్‌కి ఈమెయిల్ రాసింది. పేరు లేకుండా చేద్దాం, ఇంట్లో పరిస్థితులు అర్థం చేసుకో, అని. సెండ్ నొక్కలేదు. బుధవారం మళ్ళీ తెరిచి, మరింత మర్యాదగా మార్చింది. పిల్లల హోమ్‌వర్క్ చూస్తున్నంతసేపూ ఆ గదే కళ్ళ ముందుంది. కార్డులు, మార్కర్ వాసన, చల్లారిపోయిన కాఫీ, "లేదు విమలా, ఆమె అలా అనదు" అని ఎవరో అడ్డుపడటం. తన మాటకి అలా అడ్డుపడేవాళ్ళు లేక ఎన్నేళ్ళయింది! ఇంట్లో తన మాటకి ఎవరూ అడ్డుపడరు, ఎందుకంటే ఎవరూ వినరు. ఆ గది కావాలి. ఆకలేసినట్టు కావాలి. పెళ్ళాం పిల్లలున్న మగవాడికి అలా అనిపిస్తే దాన్ని కెరీర్ అంటారు.

గురువారం "షాపింగ్ అని చెప్పు" అన్నాక అతను ఆఫీసుకి వెళ్ళాడు. ఆ ఈమెయిల్ ఇంకా డ్రాఫ్టుల్లోనే ఉంది. వంతెన దిగాక కార్ల వరుసలో ఆగింది. ముందు నాలుగు కార్లు. కిటికీలో ఆఫీసరు అడిగేది ఎప్పుడూ అదే, ఏం పని మీద వచ్చారని.

చిన్నప్పుడు ఇంట్లో చూసుకునేవాళ్ళు దొరకని రోజుల్లో అమ్మ ఆమెని కూడా కారెక్కించుకుని, డెట్రాయిట్‌లో తెలిసినవాళ్ళింట్లో దింపి డ్యూటీకి వెళ్ళేది. బూత్ దగ్గర అద్దం దించి, ఆఫీసరు అడగడం పూర్తికాకముందే "వర్క్" అనేది అమ్మ. పూర్తి వాక్యం ఇంగ్లీషులో చెప్పడం రాక అలా అంటుందేమోనని విమల వెనక సీట్లో సిగ్గుపడేది. ఇరవై రెండేళ్ళు, ఒకటే మాట. స్క్రిప్టులో ఆ సీను తనే రాసింది. నర్సు ఆ మాట అంటుంది, గేటు లేస్తుంది. అందులో షాపింగ్ అని ఉంటే, "ఆమె అలా అనదు" అని అడ్డుపడే మొదటి మనిషి తనే.

ముందు కారు కదిలింది. విమల అద్దం దించి పాస్‌పోర్టు ఇచ్చింది.

"ఏం పని మీద?"

"వర్క్," అంది.

అతను ఏం వర్కని అడిగాడు. టీవీకి రాస్తానంది. అతను తల కూడా ఎత్తలేదు. పాస్‌పోర్టు తిరిగిచ్చి, వెళ్ళమని చెయ్యి ఊపాడు. ఆమెకి తొమ్మిదేళ్ళు పట్టిన మాట అతనికి అర నిమిషం కూడా పట్టలేదు.

సాయంత్రం సత్యానందం వచ్చేసరికి ఆమె వంటింట్లో అన్నం వారుస్తోంది. అతను కౌంటర్ మీద చూశాడు, కింద చూశాడు, అల్మారా తెరిచి చూశాడు.

"ఏం కొనలేదా ఇవాళ?"

"షాపింగ్‌కి వెళ్ళలేదండీ, పనికెళ్ళాను," అంది విమల, గంటె పక్కన పెట్టి. "సంతకం పెట్టాను, నా పేరుతోనే. జనవరి నుంచి మూడింటికి పిల్లల్ని మీరు తెచ్చుకోవాలి."