ఏడు కణుపుల కర్ర

నేను ఒక చేతికర్రను. జాతికి వెదురునే గాని, లోపల బోలు లేని గట్టి వెదురును. తేనెబండ కొండ మీద పుట్టాను. నన్ను నరికినవాడు గెమ్మెలి సింగన్న. మూడు రోజులు పొదలన్నీ గాలించి, వంద గడలు తట్టి చూసి, చివరికి నా దగ్గర ఆగాడు. మంట మీద వంకర తీశాడు. ఒక వానాకాలమంతా పొయ్యి పైన పొగలో ఉంచాడు. ఇప్పనూనె పట్టించాడు. అయిదడుగుల పొడవు, ఏడు కణుపులు. అప్పటి నుంచీ నాకు చీడ పట్టలేదు, చెద పట్టలేదు.

సింగన్నది దుంపపుట్టు. కొండ కింద, వాగు ఒడ్డున ఇరవై ఇళ్లు. ఆయనతో కలిసి పశువుల వెంట తిరిగాను, సంతకు పోయాను, పాముల్ని తోలాను. ఒక ఏడు వాగుకు అడ్డంగా ఆనకట్ట కట్టారు. నీళ్లు వెనక్కి తన్ని ఊరంతా మునిగింది. సింగన్న తన ఇంటి గుమ్మంలో నన్ను ముంచి లోతు చూశాడు. మూడో కణుపు దాకా తడిశాను. "ఇంక పదండే" అన్నాడు ఇంట్లోవాళ్లతో. కొండ పైకెళ్లి కొత్తగా గుడిసెలు వేసుకున్నారు. మునిగిన ఊరి మీద పెద్ద సరస్సు పరుచుకుంది.

కొన్నాళ్లకు ఆ సరస్సు చాలా అందంగా ఉందని పట్నంవాళ్లు కనిపెట్టారు. అడవి శాఖవాళ్లు వచ్చి మా కాలిబాటలన్నిటికీ పేర్లు పెట్టారు, బండల మీద పసుపు రంగు బాణాలు గీశారు. బస్సు రాదని మావాళ్లు తరతరాలుగా నడిచిన దారుల్లో, బస్సు దిగి మరీ నడవడానికి జనం రాసాగారు. మనుషులు ఎప్పుడు దేన్ని కష్టమంటారో, ఎప్పుడు సరదా అంటారో నాకు ఈనాటికీ అర్థం కాలేదు.

సింగన్న పోయాక నేను ఆయన కూతురు దేవుడమ్మ చేతికి వచ్చాను. నలభై ఏళ్ల మనిషి. భర్త జ్వరంతో పోయాడు. కూతురు రాజులమ్మ హాస్టల్లో పదో తరగతి. దేవుడమ్మకు దారి చూపించే పని ఇచ్చారు. చీర మీద ఆకుపచ్చ చొక్కా, దాని జేబు మీద ఒక ముద్ర. ఆ చొక్కా ఉతికి ఆరేసినప్పుడు ఆమె దాని పక్కనే కూర్చునేది, గాలికి ఎగిరిపోతుందేమోనని.

ఆ వానాకాలం చివర్లో నాగవల్లి వచ్చింది. విశాఖపట్నంలో రక్తపరీక్షలు చేసే చోట పని. ఆరేళ్లుగా కిటికీ లేని గదిలో కూర్చుంటున్నానని, మొదటిసారి రెండు రోజులు సెలవు దొరికిందని దారిలో తనే చెప్పింది. మంచి పిల్లే. కానీ ఆమెకు ఒక ఫొటో కావాలి. సరస్సు ఒడ్డున నీళ్లలోంచి మోడులు నిలబడి ఉంటాయి, ఉదయం పూట పొగమంచులో అవి దెయ్యాల్లా కనిపిస్తాయట. ఎవరో తీసిన అలాంటి ఫొటో ఫోనులో చూసిందట.

దారి రెండుగా చీలే చోట ఆమె ఆగింది. బాణం కుడివైపు కొండ మీదికి చూపిస్తోంది. ఎడమవైపు దారికి అడ్డంగా ముళ్లకంప వేసి ఉంది.

"ఇటు వెళ్తే గంటలో సరస్సు దగ్గరికి చేరతాం. ఫోన్లో దారి చూపిస్తోంది" అంది.

"అది మా పాత ఊరి దారండి, మేడమ్" అంది దేవుడమ్మ. "తిన్నగా నీళ్లలోకి దిగిపోద్ది. వానలకి మట్టి నానిపోయుంది. ఇప్పుడు ఎల్లకూడదు. మా ఆఫీసోలు ఒద్దన్నారు."

"ఒక్క ఫొటో. పది నిమిషాలు."

"ఒద్దండి. మీకు మంచిది కాదు, నాకూ మంచిది కాదు."

నాగవల్లి ముఖం మాడ్చుకుంది. "ఇంత దూరం వచ్చింది బాణాలు చూడ్డానికా? సరే, గైడు సరిగా చూపించలేదని రాస్తాను."

మాట విసిరినంత తేలిగ్గా అంది గాని, దేవుడమ్మ చెయ్యి నా మీద బిగుసుకుంది. కిందటి నెలలోనే ఎవరో ఫోనులో నాలుగు ముక్కలు చెడుగా రాశారని ఒక గైడు చేత చొక్కా విప్పించారు.  దేవుడమ్మ నా కొసతో ముళ్లకంపను పక్కకు నెట్టింది.

నీటి ఒడ్డుకు చేరేసరికి పొగమంచు ఇంకా విడలేదు. మోడులు ఉన్నాయి. నాగవల్లి చిన్నపిల్లలా గంతులేసి ఫొటోలు తీసుకుంది. "చూశావా, ఏమీ కాలేదు!" అంది. అప్పుడు వెనక కొండ గొణిగింది. ముందు గులకరాళ్లు జారాయి. తర్వాత చెట్లతో సహా ఒక పెద్ద మట్టిపెళ్ల మేము వచ్చిన దారి మీదకి దిగింది. నాగవల్లి పరుగెత్తబోయి బండ మీద జారి పడింది. ఆమె కుడికాలు మోకాలి కింద వంగకూడని వైపు వంగింది.

మట్టి ఆగాక చూస్తే, మేము నిలబడిన చోటు ఇంటి ముందు పంచలా చిన్నగా మిగిలింది. వెనక నిట్టనిలువు బురద. పక్కన నునుపైన బండ. ఎదురుగా సరస్సు. ఫోనులో సిగ్నల్ లేదు.

"ఎవరైనా వస్తారు కదా?" అంది నాగవల్లి, ఏడుస్తూ.

 మేము ఇటు దిగామని ఎవరికీ తెలియదు. దేవుడమ్మ నీళ్లకేసి చూస్తోంది. నీళ్లు ఎర్రగా మారాయి. పై కొండల్లో రాత్రంతా పడిన వాన ఇప్పుడు సరస్సులోకి వస్తోంది. ఆమె నన్ను నీటి అంచున మట్టిలో దిగగుచ్చి వచ్చి, నాగవల్లి తల తన ఒళ్లో పెట్టుకుంది.

నా మొదటి కణుపు మునగడానికి ఎక్కువసేపు పట్టలేదు.

మనిషి ఎంత గట్టిగా చూసినా నీళ్లు ఆగవు. అయినా ఇద్దరూ నన్నే చూస్తూ కూర్చున్నారు. రెండో కణుపు మునిగింది. వాళ్ల కాళ్ల దగ్గరి గడ్డి నీళ్లలో తేలుతోంది. దేవుడమ్మ లేచి పక్కనున్న బండను తడిమింది. వేళ్లు పట్టే చీలికలు కనిపించాయి. ఒక్కతే అయితే ఎక్కగలదు.

నాగవల్లి కూడా అది చూసింది. "నన్ను వదిలేసి వెళ్లకు" అంది. నీళ్లు తన మడమకు తగిలాక, గొంతు మార్చి అంది. "అక్కా, నువ్వెళ్లు. నీకు కూతురుంది కదా. వెళ్లి ఎవరినైనా తీసుకురా."

"నానెల్లొచ్చేసరికి నువ్వుండవు తల్లీ."

"తప్పు నాదే. నువ్వు వద్దన్నావు."

"ఇప్పుడు ఎవురి తప్పో ఎందుకు? నోరు మూసుకుని ఊపిరి దాసుకో."

అలా అందిగాని దేవుడమ్మ బండకు నుదురు ఆనించి ఒక్కసారి, "రాజులూ" అని కూతుర్ని పిలిచింది. ఎవరికీ వినపడకుండా పిలిచింది. నీళ్లలో నిలబడ్డ నాకు వినపడింది. ఆమె ఎక్కిపోతే నేను తప్పు పట్టేవాణ్ణి కాదు. మూడో కణుపు మునిగింది.

అప్పుడామె నీళ్లలోకి వచ్చి నన్ను పీకింది. బండ సందులో నన్ను ఇరికించి, నడుముకున్న కత్తితో నాలుగో కణుపు కింద నరకసాగింది. నేను గట్టి వెదురును. నా గట్టితనానికి మొదటిసారి సిగ్గుపడ్డాను. పదిహేను దెబ్బలు పట్టాయి. రెండు ముక్కలైన నన్ను నాగవల్లి విరిగిన కాలికి చెరో పక్కన ఆనించి, చీర చెంగు చింపి గట్టిగా కట్టింది. నాగవల్లి కేక సరస్సు అవతలి ఒడ్డుకు తగిలి తిరిగొచ్చింది.

"నా మెడ పట్టుకో. సచ్చినా వదలకు."

మిగిలిన చీరతో ఆమెను వీపుకు కట్టుకుని దేవుడమ్మ బండ ఎక్కింది. ఎక్కడం అంటే ఎక్కడం కాదు. ఒక చీలిక, ఒక వేరు, ఒక గోరు. రెండుసార్లు జారింది. రెండోసారి నీళ్లలో నడుము దాకా పడి, మళ్లీ మొదటి చీలిక దగ్గర మొదలుపెట్టింది. కింది నుంచి నీళ్లు, ఇంకా కిందికి లాగే బరువు. నేను కాలిని పట్టుకుని ఉండటం తప్ప ఏమీ చేయలేకపోయాను. చివరికి మనిషి పడుకునేంత అరుగు ఒకటి దొరికింది. అక్కడ పడేసరికి ఆమె చేతుల మీద చర్మం లేదు.

మధ్యాహ్నం దాటాక అటుగా చేపలవాళ్ల పుట్టి వచ్చింది. దేవుడమ్మ నాగవల్లి పసుపుపచ్చ వానకోటు ఊపుతూ అరిచింది. పొద్దు వాలేలోగా మమ్మల్ని పట్నం ఆసుపత్రికి చేర్చారు.

అక్కడికి నాగవల్లి అన్నయ్య వచ్చాడు, అడవి శాఖ రేంజి అధికారి వచ్చాడు. అధికారి చేతిలో కాగితం. దేవుడమ్మ గుమ్మం దగ్గర, ఎవరో నర్సు ఇచ్చిన దుప్పటి కప్పుకుని నిలబడింది.

"మూసేసిన దారిలోకి నా చెల్లెల్ని ఎందుకు తీసుకెళ్లింది ఈవిడ? ప్రాణం పోయుంటే ఎవరు జవాబు?" అన్నాడు అన్నయ్య.

అధికారి నాగవల్లి వైపు తిరిగాడు. "మీరేమైనా చెప్తారామ్మా?"

కాలిని అంటిపెట్టుకుని ఉన్నాను కాబట్టి నాకు తెలుసు, ఆ కాలు వణికింది. నాగవల్లి కళ్లు మూసుకుంది. నొప్పికి మూసుకుందని అందరూ అనుకున్నారు. అధికారి రాసుకున్నాడు.  దేవుడమ్మ దుప్పటి కింద నుంచి తడి చొక్కా విప్పి, మడిచి, బల్ల మీద పెట్టింది. కాగితం మీద సంతకం చేసింది. గుమ్మం దాటబోతూ, "వస్తానండి మేడమ్" అంది.

నర్సు కత్తెరతో చీర పీలికలు కోసి, నన్ను కిటికీ కిందనున్న చెత్తలోకి విసిరేసింది. "అబ్బ, బురద!" అంది. నిజమే, బురదే.

మూడో రోజు, ఆపరేషను అయ్యాక, ఆ కిటికీలోంచి నాగవల్లి గొంతు వినపడింది. అధికారిని పిలిపించినట్టుంది.

"ఆమె వద్దంది. నేనే బెదిరించాను. ఆమె గురించి తప్పుగా రాస్తానన్నాను. ఆమె ఒక్కతే ఎక్కి వెళ్లిపోయుండొచ్చు. వెళ్లలేదు."

"ఆ రోజే చెప్పాల్సిందమ్మా. కాగితం పైకి వెళ్లిపోయింది."

"ఇంకోటి రాయండి. నా ఎదురుగా రాయండి."

"ఇప్పుడెందుకే ఇదంతా?" అన్నాడు అన్నయ్య.

"నోరు మూసుకో అన్నయ్యా. రాయండి సార్."

కలం కదిలిన చప్పుడు చాలాసేపు వినపడింది. ఆమె సంతకం కూడా పెట్టింది.

"మరి ఈ సంగతి ఆమెకెవరు చెప్తారు?"

"వాళ్ల ఊళ్లో సిగ్నల్ ఉండదమ్మా. దారి తెగిపోయింది. ఎవరైనా అటు వెళ్లినప్పుడు చెప్పిస్తాంలే."

ఆ ఊరికి దారి నాకు తెలుసు. ఎక్కడ వాగు దాటాలో, ఏ రాయి మీద అడుగు వేయకూడదో, ఎక్కడ ఆగి ఊపిరి తీసుకోవాలో ఆ గదిలోని ఎవరికీ నాకు తెలిసినంతగా తెలియదు. కొండ మీద ఆ మనిషి తన చొక్కా పోయిందనీ, తను వీపున మోసిన పిల్ల తన గురించి ఒక్క మాట అనలేదనీ అనుకుంటూ చిక్కుడు పాదుకు నీళ్లు పోస్తూ ఉంటుంది. కర్ర దానంతట అది నడవలేదు.

ఇందాక ఊడ్చే ఆమె కుప్పకు నిప్పు పెట్టడానికి వచ్చింది. తడిగా ఉన్నాం, అంటుకోలేదు. రేపు కిరోసిన్ తెస్తానని చెప్పి వెళ్లింది.