గాలికి ఆరని చేయి

నేను ఒక స్టాండు ఫ్యానుని. నా పని గాలి విసరడం అని మీరు అనుకుంటారు. అది సగం పని మాత్రమే. మనుషులు నా ముందుకు వచ్చి నిలబడతారు. నిలబడ్డాక, నా చప్పుడులో తమ మాట ఎవరికీ వినపడదన్న ధైర్యంతో మాట్లాడుకుంటారు. ఎవరికీ వినపడదన్నది నిజమే కావచ్చు. నాకు మాత్రం వినపడుతుంది.

బాలానగర్‌లో ఒక రేకుల షెడ్డులో నన్ను బిగించారు. ఇనుప పాదం, మూడు రెక్కలు, రాగి తీగ చుట్టిన మోటారు. చివరి మరబిళ్ల తిప్పినవాడు స్విచ్చి వేసి, తన ముఖాన్ని నా ఎదుట పెట్టి కళ్ళు మూసుకున్నాడు. ఈ లోకంలో నేను చూసిన మొదటి ముఖం అది. సుఖంగా ఉన్నప్పుడు మనిషి చూడడం మానేస్తాడని అప్పుడే తెలిసింది.

అక్కణ్ణించి అనకాపల్లిలో ఒక టెంట్‌హౌస్‌కి చేరాను. పెళ్ళిళ్ళకీ దినాలకీ ఒకే లారీలో వెళ్ళేదాన్ని. పెళ్ళి పందిట్లో నన్ను మగపెళ్ళివారి వైపు తిప్పేవారు. దినం భోజనాల దగ్గర ఎవరు గట్టిగా ఏడిస్తే వారి వైపు తిప్పేవారు. గాలికి కూడా హోదా ఉంటుంది. వరుడు వధువు చేయి అందుకునే ఘట్టాలు చాలా చూశాను. అంతా ఫోటో కోసం సర్దుకునేవారు. ఆ రెండు చేతులూ ఒకదానికొకటి ఏం చెప్పుకున్నాయో ఎవరూ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు. చేతుల సంగతి నాకు నోయెల్ మాస్టారి హాల్లోకి వచ్చాకే అర్థమైంది.

టెంట్‌హౌస్ యజమాని ఏసీ ఫంక్షన్ హాలు కట్టుకుని పాత సామాను అమ్మేసినప్పుడు, నోయెల్ మాస్టారు నన్ను కొని విశాఖపట్నం తెచ్చారు. రైల్వే న్యూ కాలనీలో ఫర్నిచర్ షాపు పైన ఆయన డాన్స్ హాలు. వయసులో ఉండగా ఓడల్లో వంటవాడిగా తిరిగిన మనిషి. ఒక రేవులో సల్సా నేర్చుకున్నారు, మరో రేవులో మోడర్న్ జైవ్. ఇంటికి తెచ్చుకున్న ఆస్తి ఆ రెండే అని నవ్వేవారు. శుక్రవారం సాయంత్రం సల్సా, ఆదివారం సాయంత్రం జైవ్. జంటలుగానే రావాలని లేదు. ఎవరైనా రావచ్చు, ఎవరితోనైనా ఆడవచ్చు.

శుక్రవారం కాళ్ళకి చట్టం ఉండేది. ఏ అడుగు ముందుకి, ఏది వెనక్కి, ఎక్కడ ఊపిరి పట్టి ఆగాలి అన్నది పాట ఆజ్ఞాపించేది. మగవాడి కుడిచేయి ఆమె వీపు మీద, ఆమె ఎడమచేయి అతని భుజం మీదుగా వెనక్కి. పాట మొదలైతే పూర్తయ్యేదాకా ఆ ఇద్దరే. బాగా ఆడేవారు బాగా ఆడేవారినే ఎంచుకునేవారు. మిగిలినవారు నా ముందుకొచ్చి, చెమట ఆరబెట్టుకుంటున్నట్టు నటించేవారు. పట్టని చెమటని ఆరబెట్టుకోవడం ఎంత కష్టమో నేను చూశాను.

ఆదివారం కాళ్ళని ఎవరూ అడగరు. నడవడం వస్తే చాలు. ఏ పాటకైనా, పాత సినిమా పాటకైనా సరే, సాగుతుంది. ఉన్నదంతా చేతిలోనే. వేళ్ళు వేళ్ళకి కొక్కెంలా తగిలించుకుని దగ్గరికి రావడం, తిరగడం, దూరం జరగడం. మగవాళ్ళు వరుసగా నిలబడితే, కాసేపటికొకసారి మాస్టారు "లేడీస్, ఒక్కడుగు ముందుకి!" అని కేక వేస్తారు. ఆడవాళ్ళంతా పక్క మనిషి దగ్గరికి జరుగుతారు. ఆదివారానికి ఇంకో నియమం కూడా ఉంది. ఎవరు వచ్చి అడిగినా కాదనకూడదు. శుక్రవారం పరీక్ష హాలు అయితే ఆదివారం బంతి భోజనం.

ఈ రెండు సాయంత్రాల మధ్య నలిగిన మనిషి పైడిరాజు. నలభై దాటినవాడు, పెళ్ళి చేసుకోనివాడు, షిప్‌యార్డులో డ్రాఫ్ట్స్‌మన్. మొదటి రోజు హాల్లోకి వచ్చి ఎవరినీ పలకరించకుండా తిన్నగా నా దగ్గరికి వచ్చాడు. రెండు అరచేతులూ నా జాలీకి ఆనించినంత దగ్గరగా చాపాడు. ఆ చేతుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఎండకో శ్రమకో పట్టిన చెమట కాదది. లోపలెక్కడో ఒక భయం అదేపనిగా కుళాయి తిప్పి వదిలేసినట్టు ఉంది. నేను ఊదుతున్నకొద్దీ ఆరేది, ఆరినకొద్దీ ఊరేది.

అయినా అతని కాళ్ళు గొప్పవి. గీతలు గీసే మనిషి కాబట్టి సల్సా అడుగులు అతనికి వెంటనే పట్టుబడ్డాయి. "కాళ్ళకేసి చూడకు మ్యాన్, అవెక్కడికీ పారిపోవు! మనిషిని చూడు!" అని మాస్టారు అరిచేవారు. పైడిరాజు మనిషిని చూసేవాడు కాదు. తన చేయి ఆనిన చోటు ఎంత తడిసిందా అనే చూసేవాడు.

ఒక శుక్రవారం అతనితో ఆడిన ఒకామె లేత నీలం కుర్తా వేసుకుంది. పాట అయ్యాక ఆమె వీపు మీద అయిదు వేళ్ళతో సహా తడి ముద్ర. ఆమె స్నేహితురాలు నా ముందు నిలబడి పకపకా నవ్వింది. "ఏటే, నీ వీపు మీద ఎవరో స్టాంపు గుద్దీసేరు! రిజిస్ట్రీ అయిపోనాదేటి?" ఇద్దరూ నవ్వుకుని మరిచిపోయారు. పక్కనే నీళ్ళు తాగుతున్న పైడిరాజు గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత శుక్రవారాలు రావడం మానేసి ఆదివారాలు మొదలుపెట్టాడు. జైవ్‌లో చేయి ఎవరి దగ్గరా ఎక్కువసేపు ఉండదు. తడి అందరికీ కొద్దికొద్దిగా పంచిపెట్టవచ్చు. కానీ అతని దగ్గర్నుంచి ముందుకి జరిగిన ప్రతి స్త్రీ, పక్కవాడి చేయి అందుకునే ముందు, తన అరచేతిని కుర్తాకి రాసుకునేది. తెలిసి చేసేవారు కాదు. అతను మాత్రం తెలిసి చూసేవాడు.

శుక్రవారాల్లో అతను లేని లోటు గమనించిన మనిషి ఒక్కరే. హైమవతి. ఆడపిల్లల కాలేజీలో లైబ్రేరియన్. భర్త పోయి చాలాకాలమైంది. ఆవిడ ఆదివారం వచ్చేది కాదు. "వరసలో నిలబెట్టి చేతులు మార్చడం నా వల్ల కాదు మాస్టారూ. నాకు ఒక పాటంతా ఒకే మనిషి కావాలి," అనేది. ఆడుతున్నప్పుడు కళ్ళు మూసుకునేది.

ఒక శుక్రవారం పైడిరాజు ఆడడానికి కాకుండా సెలవు చెప్పడానికి వచ్చాడు. హైమవతి నా దగ్గరికే వచ్చి పలకరించింది.

"కనబడ్డం మానీసేరేటండీ?"

"ఆపరేషన్ చేయించుకుంటున్నానండి. చేతులకి. లోపల ఏదో నరం కత్తిరిస్తారంట. ఇంక జన్మలో చెమట పట్టదంట."

"చేతులకి చెమట పడితే ఆపరేషనా?"

అతను అరచేతులు నాకు చాపి, నాతో చెబుతున్నట్టే చెప్పాడు. "చిన్నప్పుడు బళ్ళో డ్రిల్లు. అందర్నీ చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడమనేవారు. నా పక్కవాడు నా చెయ్యి వదిలేసి చొక్కా అంచు పట్టుకునీవోడు. తప్పు వాడిది కాదులెండి. తర్వాత ఒక సంబంధం కుదిరింది. ముహూర్తం కూడా పెట్టీసేరు. నేనే వద్దన్నాను. పెళ్ళిలో చెయ్యి పట్టుకోవాలి కదండీ."

హైమవతి నవ్వలేదు. "నాతో ఎన్ని పాటలు ఆడేరు. నేనెప్పుడైనా ఇబ్బంది పడ్డానా?"

"మర్యాదస్తులు. మీరు చెప్పరు."

దయగల మాటని కొందరు మనుషులు లోపలికి రానివ్వరు. వాకిట్లోనే నిలబెట్టి, ఇది మర్యాద కోసం వచ్చిందా, జాలి కోసం వచ్చిందా అని నిలదీసి పంపేస్తారు. తిట్టు వస్తే మాత్రం ఏ ప్రశ్నా లేకుండా తీసుకెళ్ళి లోపలి గదిలో కూర్చోబెడతారు.

ఆపరేషన్ అయింది. పైడిరాజు ఒక ఆదివారం కొత్త మనిషిలా వచ్చాడు. మెట్ల దగ్గర్నుంచి కనబడ్డవారందరికీ చేయి చాపాడు. "ఏంటి మ్యాన్, కార్పొరేటర్‌గా నిలబడుతున్నావా?" అన్నారు మాస్టారు. ఆ సాయంత్రం ఎవరూ అరచేయి రాసుకోలేదు. అతను ఒక్కసారి కూడా నా దగ్గరికి రాలేదు.

తర్వాతి శుక్రవారం హైమవతితో ఒక పాట పూర్తిగా ఆడాడు. పాట అయ్యాక ఇద్దరూ నా ముందుకి వచ్చారు.

"ఎలాగుందండీ?" అని అడిగాడు, పరీక్ష రాసి వచ్చినవాడిలా.

ఆవిడ కొంచెం ఆలోచించింది. "కళ్ళు మూసుకుంటే మీరో కాదో తెలీలేదండి. అందరి చేతుల్లాగే ఉంది."

అతని ముఖం వెలిగిపోయింది. జీవితమంతా వినాలని ఎదురుచూసిన మాట అది. ఆవిడ ముఖంలో వెలుగు లేదని అతను గమనించలేదు. నా తల అప్పటికే గోడవైపు తిరుగుతోంది. మళ్ళీ ఇటు తిరిగేసరికి పైడిరాజు ముఖం మారిపోయి ఉంది. అతను హైమవతి ఎడమచేతిని చూస్తున్నాడు. పాటంతా అతని భుజం వెనక ఉన్న చేయి. అది తడిసి మెరుస్తోంది.

నరం కత్తిరించాక అరచేతుల్లో ఆగిన చెమట వీపులో పుట్టింది. ఇలా జరగవచ్చని డాక్టరు ముందే చెప్పాడట. వినాలనుకున్నదే విన్నాడు పైడిరాజు. చొక్కా నడుము దాకా ఒంటికి అతుక్కుపోయింది. శరీరం తన భయాన్ని ఎక్కడో ఒకచోట రాసుకోవాలి. ఒక పేజీ చింపేస్తే ఇంకో పేజీ తీసుకుంటుంది.

మళ్ళీ శుక్రవారాలు ఆగిపోయాయి. జైవ్‌లో వీపు ఎవరికీ అవసరం లేదు. పొడి అరచేయి చాలు. ఆదివారాల్లో అతను ఇప్పుడు నాకు వీపు పెట్టి నిలబడేవాడు. ముఖం హాలు వైపు, నవ్వు ముఖం మీద, వీపు నాకు. బయటికి చూపించే చేయి బాగుపడింది. మనిషి మాత్రం మరింత వెనక్కి వెళ్ళి దాక్కున్నాడు.

అలా ఉండగా ఒక ఆదివారం హైమవతి వచ్చింది. మాస్టారు ఆశ్చర్యపోయారు. వరుసలో చివర నిలబడి, కేక వినపడినప్పుడల్లా ఒక్కొక్క మనిషినీ దాటుతూ, పైడిరాజు ముందుకి చేరింది. అతను పొడి చేయి అందించాడు. ఇద్దరూ దగ్గరికి వచ్చారు, తిరిగారు, దూరం జరిగారు.

"లేడీస్, ఒక్కడుగు ముందుకి!"

హైమవతి జరగలేదు. వెనకామె వచ్చి తగిలింది. ఆమె వెనక ఇంకొకామె. వరుసంతా నిలిచిపోయింది.

"నడండమ్మా, లెవెల్ క్రాసింగ్ గేటు పడిందేటి?" అని వెనక నుంచి ఒక గొంతు. అందరూ నవ్వారు.

"మాస్టారూ," అంది హైమవతి, అతని చేయి వదలకుండా. "ఆదివారం ఎవరు అడిగినా కాదనకూడదు కదా?"

"కాదనకూడదు."

ఆవిడ పైడిరాజు వైపు తిరిగింది. "అయితే అడుగుతున్నాను. శుక్రవారం పాట ఆడాలి. ఇప్పుడే."

నవ్వినవాళ్ళు నవ్వు ఆపారు. పైడిరాజు గొంతు నాకు కష్టంగా వినపడింది.

"వద్దండి. తడిగా ఉంటాది."

"ఎక్కడ?" అంది హైమవతి.

"వీపంతా."

మాస్టారు పాట మార్చారు. అతను కదల్లేదు. పరిగెత్తి వెళ్ళిపోతాడనే అనుకున్నాను. అతని కళ్ళు తలుపు వైపు వెళ్ళాయి, నా వైపు వచ్చాయి. నేను చేయగలిగింది ఏమీ లేదు. నాకు తెలిసిన సాయం ఒక్కటే, దానివల్లే అతను ఇన్నాళ్ళూ ఇక్కడ నిలబడిపోయాడు. అతని చేయి మెల్లగా లేచి ఆవిడ వీపు మీద ఆనింది. ఆవిడ ఎడమచేయి అతని భుజం దాటి, తడిసి అతుక్కున్న చొక్కా మీద పూర్తిగా, వేళ్ళన్నీ పరిచి ఆనింది. అతను బిగుసుకుపోయాడు. చేయి అక్కడే ఉంది.

ఆవిడ కళ్ళు మూసుకుంది. "ఇప్పుడు మీరేనండీ," అంది.

మొదటి అడుగులు తప్పాడు. అంత చక్కటి కాళ్ళున్నవాడు బళ్ళో పిల్లాడిలా తప్పాడు. ఆవిడ ఆగి, మళ్ళీ మొదలుపెట్టింది. ఎప్పుడో మధ్యలో అతని భుజాలు కిందికి దిగాయి. మెడ కదిలింది. అతను కాళ్ళని చూడలేదు, ఆవిడ చేతినీ చూడలేదు. పాట అయ్యాక మిగతావారు చప్పట్లు కొట్టాలా వద్దా అని ఒకరినొకరు చూసుకుని ఊరుకున్నారు. ఆ ఊరుకోవడంలో ఉన్న మంచితనం చూసి నేను మనుషుల్ని చాలా తప్పులకి క్షమించగలను.

ఆ ఎండాకాలం హాల్లోకి ఏసీ వచ్చింది. ఎవరికీ చెమట పట్టని చోట నాకేం పని? ఒక శుక్రవారం సాయంత్రం పాత సామాన్లవాడు వచ్చి నన్ను భుజాన వేసుకున్నాడు. ఇరుకు మెట్ల మీద మేము దిగుతుంటే కింద నుంచి పైడిరాజు, హైమవతి ఎక్కుతున్నారు. బయట ఎండ ఇంకా తగ్గలేదు. అతని చొక్కా వెనక అంతా తడిసిపోయి ఉంది. ఎక్కడానికి ఆసరాగా ఆవిడ చేయి ఆ తడి మీదే ఉంది. ఇద్దరూ కూరగాయల ధరల గురించి వాదించుకుంటున్నారు.

పైడిరాజు గోడకి ఒత్తుకుని దారి ఇచ్చాడు. "చూసి దిగు బాబూ, రెక్క తగుల్తాది," అన్నాడు. అతని కళ్ళు నా మీద నుంచి వెళ్ళిపోయాయి. గుర్తుపట్టలేదు.

ఇప్పుడు మర్రిపాలెంలో పాత ఇనుము కొట్టు వెనక పడి ఉన్నాను. మోటారులోని రాగి తీగని లాగేశారు. అతను నన్ను గుర్తుపట్టకపోవడం గురించి ఆలోచించడానికి కావలసినంత తీరిక ఉంది. మొదట నొచ్చుకున్నాను. తర్వాత తెలిసింది. రోగం ఉన్నంతకాలం మనిషి మందు సీసాని చీకట్లో కూడా గుర్తుపడతాడు.