మూడు చుక్కల కార్డు

తేనెటీగలకు మూడుకీ నాలుగుకీ తేడా తెలుసని నిరూపించడానికి ఆ పరిశోధక విద్యార్థిని మూడు వేసవులు ఎండలో మాడింది. మూడు చుక్కల కార్డు మీద పంచదార నీళ్ళు, నాలుగు చుక్కల దాని మీద ఉత్త నీళ్ళు. ఆ రెండూ తీసేసి, ఏ నీళ్ళూ లేని కొత్త కార్డులు పెట్టినా ఈగలు మూడు చుక్కల మీదే వాలేవి. థీసిస్ గట్టెక్కినట్టేనని ల్యాబంతా అనుకుంది. ఇంట్లో అక్కయితే అప్పుడే "డాక్టరమ్మా, గిన్నెలు కడుగు" అని ఆటపట్టించడం మొదలుపెట్టింది.

ఈ వారం అవే ఈగలతో అదే పరీక్ష, ల్యాబులో కొత్తగా చేరినతను చేశాడు. ఈగలు ఏ కార్డు పడితే ఆ కార్డు మీద వాలాయి. గైడు మేడమ్ మండిపడ్డారు.

"కార్డు పెట్టడం కూడా చేతకానివాడు నా గ్రూపులో ఎందుకు? సోమవారం నుంచి రావద్దని చెప్పేస్తా."

అతని మీద విద్యార్థినికి జాలేసింది. నిజం చెప్పాలంటే, తన ఫలితానికి ఢోకా లేదని హాయిగా ఊపిరి కూడా పీల్చుకుంది.

మర్నాడు ఈగల పెట్టెల పక్కన కూర్చుని చేతులకు క్రీమ్ రాసుకుంటోంది. పంచదార నీళ్ళకు వేళ్ళు పగిలిపోతుంటే మొదటి వేసవి నుంచీ అక్క కొనిస్తున్న క్రీమ్ అది. ఒక తేనెటీగ వచ్చి బొటనవేలి మీద వాలి నాలుక చాచింది. పంచదార దొరుకుతుందనుకుంటే తప్ప అది అలా చాచదు. ఆమె చేతిలోని క్రీమ్ వంక చూసింది.

మూడు చుక్కల కార్డును ఈ క్రీమ్ రాసిన బొటనవేలితో అదిమి, ఆ తర్వాతే పంచదార నీళ్ళు వెయ్యడం ఆమె అలవాటు. పరీక్షలో పంచదార లేకపోయినా ఆ కార్డును అదమకుండా చెయ్యి ఊరుకునేది కాదు. కొత్తతను రూలు ప్రకారం చేతికి తొడుగులు వేసుకున్నాడు. పాపం, అదీ అతను చేసిన నేరం!

నాలుగు చుక్కల కార్డుకు కాస్త క్రీమ్ పూసి చూసింది. ఈగలన్నీ ఎగబడి దాని మీదే వాలాయి. మూడూ లేదు, నాలుగూ లేదు, అంతా క్రీమ్ వాసనే. ఎవరూ చూడలేదు. నోరు మూసుకుంటే వచ్చే నెలకల్లా చదువు పూర్తవుతుంది.

కాసేపటికి లేచి మేడమ్ గదికి వెళ్ళి, ఆవిణ్ణి పిలుచుకొచ్చి చూపించింది. మేడమ్ ఆ కార్డు తీసుకుని వాసన చూశారు.

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు."

"అతన్ని పంపించేసేవారు కదండీ."

మేడమ్ మెచ్చుకోలేదు, ఓదార్చలేదు. పరీక్ష మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలని, కార్డులు పెట్టేది ఇక అతనేనని చెప్పి వెళ్ళిపోయారు. ఆమెకు ఏడుపు ఆగలేదు.

కళ్ళు తుడుచుకుంటుంటే కొత్తతను కార్డుల కట్టతో వచ్చాడు. సంగతి అతనికింకా తెలీదు.

"నన్ను తీసేస్తున్నారటండీ. పోయేలోగా మీరు కార్డు ఎలా పెడతారో ఒక్కసారి చూపిస్తారా? నా తప్పెక్కడుందో తెలుసుకుందామని."

తప్పు అతనిది కాదు, తన వేలిదని మేడమ్‌కు చెప్పినంత తేలిగ్గా అతనికి చెప్పలేకపోయింది.