ఒకరి కొలతలు ఇంకొకరికి

పుస్తకం అచ్చయి వచ్చిన నెలలోపే హైమవతికి ఒక జవాబు కంఠతా వచ్చేసింది. "మీకు కథలు ఎక్కడ దొరుకుతాయండీ?" అని ఎవరడిగినా, "ఎక్కడికో వెళ్ళక్కర్లేదండీ, గుమ్మం దాటి నాలుగడుగులు వేస్తే చాలు, చెవులు తెరిచి ఉంచుకోవాలంతే" అనేది. ఫేస్‌బుక్కులో అదే రాసింది. మీర్‌పేటలో ఆడవాళ్ళ సమావేశంలో అదే చెబితే చప్పట్లు కొట్టారు. చప్పట్లు మోగుతున్నంతసేపూ ఆమెకు మంజుల మొహం కళ్ళముందు మెదిలింది. పక్కనున్నావిడ ఇచ్చిన పూలగుత్తిని చూస్తూ ఆ మొహాన్ని పక్కకు నెట్టేసింది.

మంజుల దుకాణం హైమవతి వాళ్ళ వీధి చివరే. ఒక షట్టరు, రెండు కుట్టు మిషన్లు, గుడ్డ కత్తిరించే బల్ల. తెనాలి వైపు నుంచి వచ్చి ఇబ్రహీంపట్నంలో ఇల్లు కట్టుకున్న కొత్తలో, భర్త ఇంజనీరింగ్ కాలేజీలో ఉద్యోగానికి వెళ్ళిపోయాక తోచక తిరుగుతూ, జాకెట్టు గుడ్డ పట్టుకుని హైమవతి మొదటిసారి అక్కడికి వెళ్ళింది. ఆమెకు ఎడమ భుజం కుడిదానికన్నా అరంగుళం కిందికి ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో అత్తగారు నలుగురి ముందూ ఆ మాట అన్న దగ్గర్నుంచీ కొంగు నిండా కప్పుకోవడం ఆమెకు అలవాటయింది. మంజుల టేపు పెట్టి చూసింది. ఏమీ అనలేదు. కుట్టిచ్చిన జాకెట్టులో ఎడమ భుజం దగ్గర లోపల, ఎత్తు సమానమయ్యేలా రెండు మడతల గుడ్డ ఉంది.

"జర లోపల సర్దిన అక్కా" అన్నది, అంతే. ఆ తర్వాత తొమ్మిదేళ్ళలో ఇంకెప్పుడూ ఆ ఊసెత్తలేదు.

మంజుల కొలతల పుస్తకం ఒక పొడుగాటి నోట్‌బుక్కు. ఒక్కొక్కరికి ఒక్కో పేజీ. పేజీ పైన పేరుండదు, బొమ్మ ఉంటుంది. హైమవతికి కళ్ళద్దాలు. అంగన్‌వాడీ టీచరు నిర్మలకు చేతిగడియారం. ఇంకొకరికి ముక్కుపుడక, మరొకరికి చిలక. కింద అంకెలు. తొందరలో వేసుకున్న గుర్తులనే హైమవతి చాలాకాలం అనుకుంది. ఒకసారి సరదాకి "ఈ చిలక ఎవరు? ఇంత సన్నగా ఉంది నడుము!" అని తొంగి చూస్తే, మంజుల టక్కున పుస్తకం మూసేసింది.

"ఒకరి కొలతలు ఇంకొకరికి చెప్పొద్దక్కా. గదే మా పని."

మూడేళ్ళ కిందట ఒక వానాకాలం మధ్యాహ్నం, గుడ్డకు పిన్నుతో గుచ్చిన చీటీ ఒకటి పట్టుకుని మంజుల దిక్కుతోచక నిలబడి ఉంది. ఎవరో దుకాణం మూసి ఉన్నప్పుడు సంచీ తగిలించి పోయారట. హైమవతి లోపలికి రాగానే చీటీ చేతిలో పెట్టింది.

"జర సదువక్కా, కండ్లు గుంజుతున్నయి."

"శుక్రవారం పెళ్ళికి కావాలి, చేతులు మోచేతి దాకా అని రాసింది. ఇంత పెద్దక్షరాలు కనపడటం లేదా?"

మంజుల మిషను చక్రం మీద చెయ్యి వేసింది. తర్వాత గొంతు తగ్గించింది. "నాకు సదువు రాదక్కా. అంకెలొస్తయి, టేపు మీద నేర్చుకున్న. అచ్చరాలు రావు. యాచారం దిక్కు మా ఊర్ల చెల్లెండ్లను ఎత్తుకొని తిరిగిన, బడికి ఎన్నడు పోయిన? 'బిడ్డా, నీ చేతులే నీకు సదువు' అనేది మా అమ్మ. మహిళా సంఘంల నేనే ముందుండి మాట్లాడుత గదా, అందరు నాకు సదువొచ్చు అనుకుంటరు. ఎవరితోటి అనకు. నా ఇజ్జత్ పోతది."

"నేనెందుకంటానే, పిచ్చిదానా" అంది హైమవతి.

ఆ మాట అని ఇంటికొచ్చింది. పప్పు కుక్కరులో పెట్టి, మర్చిపోకముందే మంజుల అన్న మాటలన్నీ పాత క్యాలెండరు వెనక రాసుకుంది. వారం తిరక్కుండా కథ పూర్తయింది. దర్జీ పేరు భూలక్ష్మి అని మార్చింది, ఊరు మార్చింది. కళ్ళద్దాలూ, గడియారమూ, చిలకా అలాగే ఉంచింది. అవి తీసేస్తే కథలో ప్రాణం పోతుందనిపించింది. వాళ్ళమ్మ అన్న మాటా ఉంచింది. ఎంత వెతికినా అంతకన్నా మంచి మాట దొరకలేదు. పత్రికలో వచ్చాక నలుగురూ మెచ్చుకున్నారు. అది ఇబ్రహీంపట్నంలో ఎవరి కంటా పడలేదు. మంజుల ఎలాగూ చదవదు. ఆ ధైర్యంతోనే ఆ కథ రాసిందన్న సంగతి హైమవతి తనకు తాను కూడా సరిగ్గా చెప్పుకోలేదు.

ఆ కథతో కలిపి పుస్తకం వేసిన రమాకాంత్ మొదటి రోజే తేల్చేశాడు. "అచ్చు వెయ్యడం వరకే నా పని మేడం. ఇక నోరు మీది. ఫొటోలు పెట్టండి, కథ వెనక కథ చెప్పండి, తెలిసిన ప్రతి ఇంటికీ చేర్చండి. మొహమాటపడితే మీ మంచం కిందే ఉంటాయి."

కట్టలు నిజంగానే మంచం కింద ఉన్నాయి. ఒక కాపీ చేతిలో పెట్టుకుని హైమవతి మంజుల దగ్గరికి వెళ్ళింది. ఇవ్వకపోతే బాగుండదని వెళ్ళింది. అట్ట మీద కత్తెర, దారం ఉండ బొమ్మ. మంజుల చేతులు తుడుచుకుని రెండు చేతులా అందుకుంది.

"అగో, కత్తెర! ఇది నా దుకాణంల ఉండాల్సిన బుక్కు. లోపలేమున్నదక్కా?"

"ఏవో కథలు మంజులా. ఊరికే."

"మస్తుగున్నది. ఓ ఇరవై తెచ్చిపెట్టు, నేనమ్ముత."

వద్దనాలి. నోటిదాకా వచ్చింది. మంచం కింద కట్టలు గుర్తొచ్చాయి. జాకెట్ల కోసం వచ్చేవాళ్ళు కొంటారే గానీ చదువుతారా ఏంటి అనుకుంది. మర్నాడే ఇరవై పుస్తకాలు బల్ల మీద పేర్చి వచ్చింది.

మంజుల అమ్మినట్టు ఎవరూ అమ్మలేదు. "మా అక్క రాసింది. జాకెట్ రేపిస్త గాని, బుక్ ఇయ్యాల తీస్కపో" అని వచ్చినవాళ్ళను పట్టుకు కూర్చునేది. రెండు వారాల్లో నాలుగు మిగిలాయి. హైమవతి ఆమెను షట్టరు ముందు నిలబెట్టి, చేతిలో పుస్తకం పెట్టి ఫొటో తీసి ఫేస్‌బుక్కులో పెట్టింది. 'మా ఊరి టైలరమ్మ, నా తొలి ప్రచారకర్త' అని రాసింది. సాయంత్రానికి ఎవరో కింద అడిగారు: "మీ కథలో భూలక్ష్మి ఈవిడేనా?"

హైమవతి జవాబు రాయలేదు. ఒక నవ్వు బొమ్మ పెట్టింది.

వచ్చే ఆదివారం మీర్‌పేటలో మళ్ళీ సభ. కొత్త జాకెట్టు గుడ్డ తీసుకుని గురువారం దుకాణానికి వెళ్ళేసరికి స్టూలు మీద నిర్మల కూర్చుని ఉంది.

"రాండ్రి, రాండ్రి! రైటరమ్మ వచ్చింది" అని లేచింది నిర్మల. "సదివిన మేడం. గడియారం బొమ్మ నేనే గదా? నా నడుం కొలత గూడ వేసి ఉంటే ఊరంత సదువుకుంటుండె! మంజులా, నీ ముచ్చట గింత దాచిపెట్టినవేందే?" నవ్వుతూనే సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

మంజుల తలెత్తలేదు. ఎవరి చీరకో ఫాల్ కుడుతోంది. కాళ్ళ కింద మిషను గడగడమంటోంది. హైమవతి చేతిలోని గుడ్డ బల్ల మీద పెట్టింది.

"మంజులా..."

"నిర్మల సగం సదివి వినిపిచ్చింది. నవ్వుకుంట సదివింది, నాకు సమజ్ కాలే. రాసినదానివి నువ్వే గదా. కూసో. నువ్వే సదువు."

"ఇప్పుడా?"

"అవ్."

హైమవతి స్టూలు మీద కూర్చుని పుస్తకం తెరిచింది. సభల్లో ఎన్నోసార్లు చదివిన కథే. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగాలో తెలుసు. ఇప్పుడు ప్రతి వాక్యం దగ్గరా తడబడుతోంది. రెండో పేజీలో మిషను ఆగింది.

"...అక్షరం ముందు నిలబడ్డ భూలక్ష్మి కళ్ళలో చెప్పలేని దైన్యం..."

"దైన్యమంటే?"

"అంటే... చూస్తే పాపం అనిపించేట్టు."

"నేను గట్లుంటనా?"

హైమవతి చూపు పేజీలోకి దించుకుంది. "సదువు" అంది మంజుల.

చదివింది. వాళ్ళమ్మ మాట దగ్గర మంజుల మొహం పక్కకు తిప్పుకుంది. కథ చివర శారదమ్మ అనే చదువుకున్న ఇల్లాలు రోజూ మధ్యాహ్నం పలక పట్టుకుని భూలక్ష్మి దుకాణానికి వస్తుంది. ఓపిగ్గా దిద్దిస్తుంది. భూలక్ష్మి తన పేరు తానే రాసుకుని శారదమ్మ చేతులు కళ్ళకద్దుకుంటుంది. సభల్లో ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునే చోటు అది. హైమవతి దాన్ని గబగబా, గొణుగుతున్నట్టు చదివేసి పుస్తకం మూసింది.

"గీ శారదమ్మ ఎవరు?"

"ఎవరూ కాదు. కథ కదా, కల్పించాను."

"కత్తెర నాది. బొమ్మలు నావి. మా అమ్మ మాట నాది. అన్ని ఉన్నయే పెట్టినవ్, గీ ఒక్కటే కల్పించినవా?" మంజుల గొంతు పెరగలేదు. పెరిగితే హైమవతికి కాస్త తేలికగా ఉండేది. "నీకు చెప్పి మూడేండ్లాయె. వారానికి రెండుసార్లన్న వస్తివి. గా స్టూలు మీదనే కూసుంటివి. ఒక్కనాడన్న పలక తెచ్చినవా అక్కా?"

ఇన్నేళ్ళలో ఆ ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు. కథలో శారదమ్మకు వచ్చింది గానీ హైమవతికి రాలేదు. పలక రంగూ, బలపం చప్పుడూ ఎంత శ్రద్ధగా రాసుకుందో గుర్తొచ్చి చెవులు కాలిపోయాయి.

"సంఘంల ఈసారి బడి పిల్లల యూనిఫాంల కొలతలు నాకే అప్పజెప్తమన్నరు" అంది మంజుల, ఊడిన దారం వేలికి చుట్టుకుంటూ. "నిన్న సక్కుబాయికి ఇచ్చిండ్రు. పిల్లల పేర్ల లిస్టు ఉంటది గదా, ఆమె సదువుతది. ఎవరు ఒక్క మాట అనలే. అందరు మంచిగనే చూసిండ్రు నా దిక్కు. నువ్వు రాసినవ్ సూడు, గట్ల."

"తప్పయిపోయింది మంజులా. నేర్పుతాను. రేపట్నుంచే వస్తాను, ఒట్టు."

"మల్ల ఇది గూడ రాస్తవా?"

హైమవతికి ఏడుపొచ్చింది. ఏడిస్తే ఓదార్చే పని కూడా మంజుల మీదే పడుతుందని పళ్ళు బిగబట్టింది.

మంజుల లేచి బల్ల కింద నుంచి మిగిలిన నాలుగు పుస్తకాలూ తీసింది. లైనింగు పీలికతో కట్టకట్టి ఆమె ఒళ్ళో పెట్టింది. పైన జాకెట్టు గుడ్డ మడత కూడా తిరిగి పెట్టింది. తర్వాత కొలతల పుస్తకం తెరిచి, పేజీలు తిప్పి, ఒకచోట స్కేలు ఆనించి ఆ పేజీని నీటుగా చింపింది.

"నీ బుక్కులకెల్లి నన్ను తీసుడు నీతోటి గాదు. ఇండ్లిండ్లకు పోయింది. నా బుక్కులకెల్లి నిన్ను తీసుడు నాతోటి అయితది. ఇగో, నీ కొలతలు. వేరే టైలర్‌కు సూపెట్టుకో."

మిషను మళ్ళీ మొదలయింది.

హైమవతి ఇంటి గేటు దాకా వచ్చేసరికి ఫోను మోగింది. రమాకాంత్.

"మేడం, ఫొటో అదిరింది! ఆదివారం సభలో మీ అంశం 'కథలు ఎక్కడ దొరుకుతాయి'. ఆ టైలరమ్మను కూడా వెంటబెట్టుకు రండి. పుస్తకంలో మనిషి పక్కనే నిలబడితే, ఇక చూడండి..."

"రాదు" అంది హైమవతి.

"పోనీ మీరొచ్చి ఆమె గురించి..."

"నేనూ రాను."

ఎందుకని అడుగుతున్నాడు. చెప్పాలంటే మళ్ళీ మంజుల సంగతే చెప్పాలి. ఫోను పెట్టేసింది.

చేతిలో పేజీ ఉంది. పైన కళ్ళద్దాలు, ఒక కాడ కాస్త వంకరగా. కింద వరసగా అంకెలు. పక్కన చిన్న జాకెట్టు గీసి ఉంది. దాని ఎడమ భుజం కిందికి వాలి ఉంది. వాలిన చోట రెండు అడ్డగీతలు, లోపల రెండు మడతలు అని. ఒక్క అక్షరం లేకపోయినా ఎవరికైనా అర్థమవుతుంది. తొమ్మిదేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు మంజుల.

హైమవతి గేటు దగ్గరే నిలబడి, ఎవరూ చూడకపోయినా, కొంగు లాగి భుజం నిండా కప్పుకుంది.