డైరెక్టరు పేరుకు సాక్షి

ధర్మవరంలో నన్ను అందరూ పుల్లయ్య అనే పిలుస్తారు. మగ్గం గుంటలో కూర్చున్నా పుల్లయ్యే, పెళ్లిపీటల మీద కూర్చున్నా పుల్లయ్యే. నాకు ముందు పుట్టిన ముగ్గురు అన్నలు నెలల పిల్లలుగానే పోయారట. అందుకని నేను పుట్టగానే మా అమ్మ నన్ను ఎంగిలి విస్తరాకుల మీద పడుకోబెట్టింది. పక్కింటి హనుమమ్మ నన్ను ఎత్తుకుపోయి, చాటెడు తవుడు తీసుకుని మళ్లీ మా అమ్మకే అమ్మింది. పారేసిన బిడ్డ మీద చావు కన్ను పడదని మా వైపు నమ్మకం. ఎంగిలాకును పుల్లాకు అంటారు కదా, ఆ పేరే నాకు నిలిచిపోయింది. నామకరణం నాడు అయ్యవారు చెవిలో చెప్పిన పేరు గంగాధరప్ప. అలాంటి పేరొకటి నాకు ఉందని మా నాయన చెబితే తెలుసు గానీ, అమ్మ నోట ఒక్కనాడూ వినలేదు.

1961లో నేనూ, మా బావమరిది కదిరప్పా కలిసి పట్టునూలు కంపెనీ పెట్టాం. హిందూపురం వకీలు ఆశీర్వాదం కాగితాలు రాస్తూ డైరెక్టరు పేరేమిటని అడిగాడు. డైరెక్టరంటే ఎంత మాట! ఎంగిలాకు పేరుతో డైరెక్టరేమిటని నాకు రోషం వచ్చి గంగాధరప్ప అని రాయించాను. ఇత్తడి బోర్డు మీద ఆ పేరు చూసుకుని మీసం కూడా దువ్వాను. మా వీధివాళ్లు మాత్రం బోర్డు చదివి, "ఎవరప్పా ఈ గంగాధరప్ప? మన పుల్లయ్య ఈయన దగ్గర గుమాస్తాగా చేరినాడా?" అని నన్నే అడిగారు.

ఆ వేళాకోళమే చివరికి నా మెడకు చుట్టుకుంది. మరుసటి ఏడు కంపెనీ కాగితాలు పంపితే రిజిస్ట్రారు ఆఫీసు వాటిని తిప్పి పంపింది. ఇంటి పత్రాల్లో, బడి రికార్డులో, ఓటర్ల జాబితాలో పుల్లయ్య, కంపెనీలో గంగాధరప్ప. ఇద్దరూ ఒక్క మనిషేనని, పుట్టినప్పటినుంచీ ఆ రెండు పేర్లూ ఎరిగినవాళ్లు పెనుకొండ మేజిస్ట్రేటు ముందు ప్రమాణం చేసి చెప్పాలి. గడువులోగా కాగితాలు పంపకపోతే నూలు పర్మిట్టు రాదు. అప్పటికే నూలు అందక మా వీధిలో సగం మగ్గాలు చప్పుడు మానేశాయి. పొద్దున్నే నేతగాళ్లు వచ్చి అరుగు మీద కూర్చుని నా మొహంలోకి చూసేవాళ్లు. తిట్టినా బాగుండేది.

సాక్ష్యానికి ఎవరున్నారు? నాయన పోయాడు. అయ్యవారు పోయారు. హనుమమ్మా పోయింది. ఊరు ఊరంతా కదిలొచ్చినా పుల్లయ్య అనే చెబుతుంది. పేరు పెట్టిననాడు అక్కడ ఉండి, ఇంకా బతికున్నది మా అమ్మ ఉలిగమ్మ ఒక్కతే.

"వస్తా పా" అంది అమ్మ, అడగగానే.

"ఆడ ఆ పేరు నువ్వే చెప్పల్ల మా."

"వస్తానంటి. చెప్తానని ఎప్పుడంటి?"

గడువు చివరి రోజున రైలెక్కాం. అమ్మ కిటికీ పక్కన కూర్చుని పెనుకొండ దాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకునే ఉంది. బతిమాలాలో కసురుకోవాలో తెలియక నేను రెండూ చేశాను. కొంగు కదల్లేదు. స్టేషన్లో ఎదురొచ్చిన ఆశీర్వాదం ఆమె వాలకం చూసి, "ఏమబ్బా, మాట్లాడుతుందా ఈయమ్మ?" అని నా చెవిలో గొణిగాడు. నాకేం తెలుసు!

మేజిస్ట్రేటు కోస్తా మనిషి, నెమ్మదస్తుడు. అమ్మకు కుర్చీ వేయించి, ప్రమాణం చేయించి, నన్ను చూపించాడు.

"ఈయన ఎవరమ్మా?"

"నా కొడుకు సామీ."

"పేరు?"

"పుల్లయ్య."

"ఇంకో పేరేమైనా ఉందా?"

"ఉండాది."

"ఏమిటది?"

అమ్మ మళ్లీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆశీర్వాదం ఆగలేక, "గంగాధరప్ప అంటారు కదమ్మా?" అన్నాడు. మేజిస్ట్రేటు చెయ్యి అడ్డం పెట్టాడు.

"మీరు అందించకూడదు. ఆమె నోటినుంచే రావాలి."

ఆఫీసు వేళ ముగిసి బంట్రోతు కిటికీలు మూయడం మొదలుపెట్టాడు. అరుగు మీద కూర్చునేవాళ్ల మొహాలన్నీ నా కళ్ల ముందుకొచ్చాయి. కోపం నషాళానికెక్కింది.

"చెప్పు మా! ఒక్క మాట! నీకేం పోతాది?"

అమ్మ కొంగు దించి నా వైపు తిరిగింది.

"ఏం పోతాదా? నీకేం తెల్సురా! వాళ్ల నాయన పేరు నిలబెట్టల్లని మీ నాయనకు పంతం. పెద్దోనికి అదే పేరు పెట్టినాడు. వాడు పోతే రెండోవానికీ అదే, మూడోవానికీ అదే. తెల్లారి లేచి, పాలిద్దామని ఆ పేరు పెట్టి పిలిచినా. ముగ్గుర్నీ పిలిచినా. ముగ్గురూ పలకల్యా. మళ్లా ఆ పేరు నా నోట రాదు."

నేను మీసం దువ్వుకున్న పేరు ముగ్గురు పసిబిడ్డలతో పాటు మట్టిలోకి పోయిన పేరని నాయన ఒక్కనాడూ చెప్పలేదు. కుర్చీలో ముడుచుకుని కూర్చున్న అమ్మను చూస్తే సిగ్గేసింది, ఏడుపొచ్చింది.

"వద్దులే మా. కంపెనీ పోతే పోనీ. ఇంటికి పోదాం పా."

మేజిస్ట్రేటు కలం కింద పెట్టాడు. అమ్మ నా మొహంలోకి చాలాసేపు చూసింది.

"ఆ మగ్గాలోళ్లు రేపు కూడా వస్తారు కదరా?"

నేను తలూపాను.

"ఆ వాకిట్లో పోయి నిలబడు. నేను పిల్చంగానే పలకల్ల. గట్టిగా పలకల్ల. రోంతసేపు కూడా తడవు చేయొద్దు."

గుమ్మం దాకా నడిచి, ఇటు తిరిగి నిలబడ్డాను. నాకూ భయం పట్టుకుంది. ఇద్దరు పిల్లల తండ్రిని, కంపెనీ డైరెక్టర్ని, చెవులు రిక్కించి ఎదురుచూస్తున్నాను. ఆమె పిలిచాక నా గొంతు పెగలకపోతే? దగ్గొచ్చి ఆలస్యమైతే? అమ్మ రెండు చేతులతో కుర్చీ పట్టుకుని లేచింది. కళ్లు మూసుకుంది.

"గంగాధరప్పా!"

"ఓ మా!"

నా అరుపుకు బయట మెట్ల మీదున్న జనం తిరిగి చూశారు. మేజిస్ట్రేటు తల వంచి రాసుకుంటున్నాడు. అమ్మ కళ్లు తెరిచింది గానీ ఆగలేదు.

"గంగాధరప్పా!"

"ఈడే ఉండా మా!"

"చాలమ్మా, రాసుకున్నాను" అన్నాడు మేజిస్ట్రేటు.

అమ్మకు ఆ మాట వినపడలేదు. మళ్లీ పిలిచింది, మళ్లీ పలికాను. పలుకుతూనే దగ్గరికి వెళ్లాను. ఆమె నా బుగ్గలు, నుదురు, మెడ తడుముతూ, పక్కనే ఉన్న నన్ను గొంతెత్తి పిలుస్తూనే ఉంది. ఆశీర్వాదం కాగితాలు తీసుకుని టపాకు పరుగెత్తాడు. నేను మాత్రం అక్కడే నిలబడి, ఆమె పిలిచినన్ని సార్లూ పలికాను.